పిలుపు ఆయనకు వచ్చింది, నన్నెవరూ అడగలేదు

ప్రశ్న: అమ్మగారికి వందనాలు. మాది మిర్యాలగూడ దగ్గర ఒక మండల కేంద్రం. నా వయసు 38. మా ఆయన పద్నాలుగేళ్ళుగా పాస్టరుగా ఉన్నారు. అండమాన్ నికోబార్‌లోని గ్రేట్ నికోబార్ దీవిలో కాంప్‌బెల్ బే అనే చోట ఒక చిన్న సంఘం ఉందనీ, మూడేళ్ళు అక్కడ సేవ చేయాలనీ పోయిన నెల మిషన్ కమిటీ వారు ఆయనను అడిగారట. ఆయన అక్కడికక్కడే ఒప్పుకొని వచ్చి, రాత్రి భోజనాల దగ్గర "దేవుడు పిలిచాడు, జూన్‌లో బయలుదేరాలి" అన్నారు. బిడ్డ ఈ ఏడు పదో తరగతి పాసైంది. కొడుకు ఐదు పూర్తి చేశాడు, వానాకాలం వస్తే వాడికి ఆయాసం. అత్తమ్మకు 71 ఏళ్ళు, షుగరు, బీపీ ఉన్నాయి, మా దగ్గరే ఉంటుంది. మరిది కుటుంబం నల్లగొండలో ఉంది. నేను ఒక ప్రైవేటు బడిలో చదువు చెప్పి నెలకు పద్నాలుగు వేలు తెస్తున్నాను. ఈ సంగతి సంఘంలో ఎవరితోనూ చెప్పుకోలేను. చెప్తే పాస్టరమ్మకే విశ్వాసం లేదంటారు. నేను వద్దంటే దేవునికి అడ్డుపడినట్టవుతుందా?

సమాధానం: అమ్మా, మీ చివరి ప్రశ్నకే ముందు జవాబు చెప్తాను. అది తేలనిదే మిగిలిన వాటి గురించి మీరు నిదానంగా ఆలోచించలేరు. మీరు వద్దంటే దేవునికి అడ్డుపడినట్టు కాదు. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక ఏడో అధ్యాయాన్ని మీ వారితో కలిసి ఒకసారి చదవండి. భార్యాభర్తలు ప్రార్థన కోసం కొంతకాలం ఎడంగా ఉండాలన్నా అది ఉభయుల సమ్మతి చొప్పునే జరగాలని పౌలు అక్కడ రాశాడు. ప్రార్థన కోసం కొన్నాళ్ళు ఎడబాయడానికే ఇద్దరి సమ్మతి కావలసి ఉంటే, ఇల్లు ఖాళీ చేసి, పిల్లల బడులు మార్చి, ముసలి తల్లిని ఎవరో ఒకరికి అప్పగించి సముద్రం దాటడానికి ఒక్కరి సమ్మతి ఎలా చాలుతుంది? మీ వారు చెడ్డవారని నేను అనడం లేదు. పద్నాలుగేళ్ళు ఒక సంఘాన్ని కాపాడుకొచ్చిన మనిషికి పిలుపు వినపడి ఉండవచ్చు, దానిని నేను శంకించను. అయితే కమిటీ వారు అడిగింది ఒక మనిషిని, కదలవలసింది ఐదుగురున్న ఇల్లు. ఆ తేడా ఆయనకు ఆ రోజు తోచలేదు. ఇప్పుడు తోచేటట్టు మీరే చెప్పాలి.

ఈ ఉత్తరానికి నేను జవాబు రాయడానికి ఒక కారణం ఉంది. మా నాన్నగారు పాలమూరు జిల్లాలో ముప్పై ఏళ్ళు పాస్టరుగా పనిచేశారు. నాకు ఎనిమిదేళ్ళు ఉన్నప్పుడు ఆయనకు కృష్ణ ఒడ్డున ఒక ఊరికి బదిలీ అయింది. వానాకాలంలో ఒక పక్క వాగు, మిగిలిన పక్కల నది పొంగి ఆ ఊరిని చుట్టేసేవి, అవతలి ఒడ్డుకు పుట్టి తప్ప వేరే ఆధారం ఉండేది కాదు. గద్వాల దగ్గర నది నడుమ ఉన్న గుర్రంగడ్డను చూసినవారికి నేను ఏ బతుకు గురించి చెప్తున్నానో తెలుస్తుంది. అందరూ మా అమ్మను చూసి, నీళ్ళ మధ్య ఒంటరిగా ఎలా ఉంటున్నావమ్మా అని జాలిపడేవారు. కానీ మా అమ్మను ఏడిపించింది నీళ్ళు కాదు, ఒంటరితనం అంతకన్నా కాదు. మా ఇంటి తలుపు ఎప్పుడూ మూసి ఉండేది కాదు, అదీ ఆమె బాధ.

గుడి గోడా మా ఇంటి గోడా ఒకటే. బావి మా పెరట్లో ఉండేది కాబట్టి తెల్లవారకముందే బిందెలతో ఆడవాళ్ళు వచ్చేవారు. వచ్చినవారు వచ్చినట్టే వంటింట్లోకి నడిచి, "ఏం కూర అమ్మగారూ" అంటూ పొయ్యి మీది గిన్నె మూత ఎత్తి చూసేవారు. అందులో చెడు లేదు, అది వాళ్ళ చనువు. అయితే ఒక క్రిస్మస్‌కు మా పెద్దమ్మ వనపర్తి నుంచి పంపిన నీలం రంగు చీర కట్టుకొని అమ్మ గుడికి వస్తే, కానుకల డబ్బుతో కొన్నదేమోనన్న మాట మూడు ఆదివారాలు ఊళ్ళో నడిచింది. ఆ చీరను అమ్మ మళ్ళీ ఆ ఊళ్ళో కట్టలేదు. నాన్నతో పోట్లాడాలనుకున్నా గొంతు పెంచడానికి వీలు లేదు, గోడ అవతల ఎవరో ఒకరు ప్రార్థన చేసుకుంటూ ఉంటారు. ఊళ్ళో ఆమెను ప్రేమించినవారు యాభై మంది ఉన్నారు, మనసు విప్పి చెప్పుకోదగినవారు ఒక్కరూ లేరు. ఎందుకంటే ఆ యాభై మందీ సంఘమే.

అందుకే ఆమె నెలకొకసారి లాంతరు ముందు కూర్చొని మా పెద్దమ్మకు ఇన్లాండు ఉత్తరం రాసేది. ఇటుపక్కా అటుపక్కా నింపి, మడత మీద కూడా రాసి, తేమకు బంక ఊడిపోతే అన్నం మెతుకు నలిపి అంటించి, పుట్టి నడిపే ఆయన చేతిలో పెట్టేది. ఆయనకు చదవడం రాదన్న సంగతి ఆమెకు ఎంత ధైర్యమో నాకు పెద్దయ్యాక గానీ తెలియలేదు. మీ ఉత్తరంలో "ఎవరితోనూ చెప్పుకోలేను" అన్న మాట దగ్గర నేను ఆగిపోవడానికి ఇదే కారణం. ఆ బాధ మీకు మిర్యాలగూడలోనే ఉంది. దీవికి వెళ్తే అది పదింతలవుతుంది. మిగిలిన ఏర్పాట్లన్నీ దీని తరువాతే.

దూరపు దీవుల్లో కాపురం చేసిన పాస్టర్ల భార్యలు కొందరి సంగతి నాకు తెలుసు. దక్షిణ అట్లాంటిక్ సముద్రంలో ట్రిస్టన్ డా కూన్యా అనే దీవి ఉంది. దానికి దగ్గరలో మనుషులు ఉండే చోటు సెయింట్ హెలీనా, అది కూడా రెండు వేల నాలుగు వందల కిలోమీటర్ల దూరం. 1906లో గ్రాహం బారో అనే పాస్టరు భార్య కాథరీన్‌తో కలిసి అక్కడికి వెళ్ళి మూడేళ్ళు ఉన్నాడు. ఓడ ఎప్పుడు వస్తుందో తెలియని ఆ చోట ఆమె పిల్లలకు బడి నడిపింది, దినచర్య రాసుకుంది, ఇంటికి ఉత్తరాలు రాసి ఓడ వచ్చేదాకా దాచింది. తరువాత అవే పుస్తకమై వచ్చాయి. 1922లో అదే దీవికి హెన్రీ రోజర్స్ అనే పాస్టరు వెళ్ళాడు. ఆయన భార్య రోజ్ చాలా చిన్న వయసు మనిషి, అక్కడే బిడ్డను కన్నది. 1925లో వాళ్ళు తిరిగి వచ్చారు, వచ్చిన కొద్దికాలానికే ఆయన చనిపోయాడు. చిన్న బిడ్డతో మిగిలిన ఆమె ఆ మూడేళ్ళ సంగతులను పుస్తకంగా రాసింది. ఈ ఇద్దరు స్త్రీలూ మా అమ్మ చేసిన పనే చేశారు, దీవి బయట ఉన్నవారికి రాశారు. వీరి గురించి ఆలోచించినప్పుడల్లా రాతే వాళ్ళను నిలబెట్టిందని నాకు అనిపిస్తుంది.

కాబట్టి మీరు వెళ్ళినా వెళ్ళకపోయినా, సంఘానికి సంబంధం లేని ఒక మనిషిని ఈ వారమే ఎంచుకోండి. మీ అక్కో, మీతో బడిలో పనిచేసే టీచరో, చిన్ననాటి స్నేహితురాలో, ఎవరైనా సరే, విన్నది విన్నట్టు కడుపులో దాచుకునే మనిషై ఉండాలి. వారానికి ఒక రోజు, ఒక గంట ఆమెతో మాట్లాడతానని మీ వారికి ముందే చెప్పండి, ఏం మాట్లాడావని ఆయన అడగకూడదనీ చెప్పండి. మా అమ్మకు ఉన్న కష్టం మీకు లేదు. 2020 ఆగస్టులో చెన్నై నుంచి అండమాన్‌కు వేసిన సముద్రగర్భ కేబుల్ గ్రేట్ నికోబార్ దాకా వెళ్ళింది, ఫోనులో ముఖం చూసుకుంటూ మాట్లాడుకోవచ్చు. కానీ ఫోను ఉంటే చాలదు, ఫోనులో మాట్లాడడానికి ఒక గది కావాలి.

ఇక్కడే మీ వారిని గట్టిగా అడగవలసింది ఒకటుంది. ఆ సంఘం ఇచ్చే ఇల్లు ఎలాంటిదో, గుడికి ఎంత దూరంలో ఉందో, మీటింగులు ఇంట్లో జరుగుతాయా, గుడిలో జరుగుతాయా, వచ్చిన అతిథి ఎక్కడ పడుకుంటాడు, వంటింటికి వేరే దారి ఉందా అనే సంగతులను ఫొటోలతో సహా తెప్పించమనండి. ఇంట్లో ఒక గది మీ నలుగురిది మాత్రమే కావాలి. వారంలో ఒక రోజు, పాస్టర్లకు సోమవారం అనువుగా ఉంటుంది, చావు, జబ్బు తప్ప వేరే పనికి ఎవరూ రాకూడదు. ఈ మాటను మీరు చెప్తే గర్వం అంటారు. వెళ్ళిన మొదటి నెలలోనే ఆయన సంఘం ముందు నిలబడి, తన మాటగా చెప్పాలి. ఆయనకు అది చెప్పే ధైర్యం లేకపోతే మీరు వెళ్ళకండి. నేను ఈ మాట తేలికగా రాయడం లేదు.

దీవిలో మీకు స్నేహం సంఘం బయట కూడా దొరుకుతుంది. గ్రేట్ నికోబార్‌లో 1969 నుంచి మాజీ సైనికుల కుటుంబాలను ప్రభుత్వం తెచ్చి స్థిరపరచింది. పంజాబు మొదలుకొని చాలా రాష్ట్రాల వారున్నారు, అందరినీ కలిపే భాష హిందీ. ఒక నర్సమ్మో, టీచరో, పక్కింటి పంజాబీ ఆవిడో మీకు అక్కచెల్లెలు కావచ్చు. మీ హిందీ అంతంతమాత్రమైతే ఇప్పటి నుంచే మొదలుపెట్టండి. 1909లో వేదనాయగం అజరయ్య గారు తిరునెల్వేలి వైపు నుంచి మన డోర్నకల్‌కు వచ్చినప్పుడు మన భాష రానివారే. తొలి రోజుల్లో గుడారంలో ఉన్నారు. తెలుగు నేర్చుకొని, 1912లో బిషప్పు అయి, 1945లో చనిపోయేదాకా ఇక్కడివారై బతికారు. ఆయన భార్య అన్బు గారు పక్కన నిలబడి స్త్రీల మధ్య చేసిన పనిని మన పెద్దలు ఎంతో ఇష్టంగా చెప్పుకునేవారు.

ఇక బిడ్డ సంగతి. దీని గురించి నాకు రెండో ఆలోచన లేదు, ఆమెను ఇక్కడే ఇంటర్ చదివించండి. తెలంగాణలో ఇంజనీరింగు, మెడిసిన్ వంటి ప్రవేశాలకు స్థానికతను లెక్కించేటప్పుడు ఇంటర్‌తో కలిపి వరుసగా నాలుగేళ్ళు ఇక్కడ చదివారా లేదా అన్నది ప్రధానంగా చూస్తారు. తొమ్మిది, పది ఇక్కడ చదివిన పిల్ల ఇంటర్ రెండేళ్ళు దీవిలో చదివితే ఆ లెక్క తెగిపోతుంది. నియమాలు ఏటా మారుతుంటాయి కాబట్టి నోటిఫికేషను చూసిన కాలేజీ వారితో ఒకసారి మాట్లాడండి. గురుకుల జూనియర్ కాలేజీలో సీటు వస్తే మరీ మంచిది, లేకపోతే మరిది ఇంట్లో ఉండి నల్లగొండలో చదువుకోవచ్చు. అయితే పదహారేళ్ళ పిల్లను వదిలి వెళ్ళడాన్ని త్యాగమని ఆమె ముందు ఎన్నడూ అనకండి. మన జిల్లాల్లో పనిచేసిన తెల్ల మిషనరీలు చాలామంది తమ పిల్లలను 1901లో కొడైకెనాల్‌లో మొదలైన మిషనరీ పిల్లల బడికి పంపేవారు. జడ్చర్ల, దేవరకొండ వైపు ఆ పాత బంగళాలను చూసినప్పుడు, అంత పెద్ద వరండాల్లో ఏడాదిలో ఎక్కువ నెలలు పిల్లల అలికిడి లేకుండా ఆ తల్లులు ఎలా తిరిగారో అని నాకు గుండె బరువెక్కుతుంది. ఆ పిల్లలు దేవుని పని కోసం తమను పక్కన పెట్టారని అనుకొని ఉండరా? మీ బిడ్డకు అలా అనిపించకూడదు. సెలవుల్లో ఆమె వచ్చిపోయే ఖర్చు కమిటీ భరించాలని కాగితం మీద రాయించండి, వెళ్ళాలా వద్దా అన్న మాటల్లో ఆమెనూ కూర్చోబెట్టండి.

కొడుకు చదువుకు ఇబ్బంది లేదు, కాంప్‌బెల్ బేలో ప్రభుత్వ సీనియర్ సెకండరీ పాఠశాల ఉంది, సీబీఎస్ఈ చదువు. నన్ను భయపెట్టేది వాడి ఆయాసం. మన నల్లగొండలో ఏడాదికి ఏడెనిమిది వందల మిల్లీమీటర్ల వాన పడితే అక్కడ మూడు వేల దాకా పడుతుంది. గోడలు చెమర్చి బూజు పడతాయి, పరుపులు ఆరవు, అలాంటి తేమ ఆయాసం ఉన్న పిల్లలకు పడదు. నైరుతి రుతుపవనాలు మే నెలలోనే నికోబార్‌ను తాకుతాయి. అంటే కమిటీ వారు చెప్పిన జూన్‌లో వెళ్తే, అలలు ఎక్కువగా ఉన్న సముద్రం మీద ప్రయాణం చేసి, వానలు జోరుగా పడే నెలల్లో వాడిని దింపుతారు. ఇది మాత్రం వద్దు. అక్కడ ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఉంది. అంతకు మించిన జబ్బు చేస్తే పోర్ట్ బ్లెయిర్‌లోని జీబీ పంత్ ఆసుపత్రికి పోవాలి, ఆ ఊరికి ఇప్పుడు శ్రీ విజయపురం అని పేరు మార్చారు. అది ఐదు వందల కిలోమీటర్ల పైమాట. ఓడ దారిలోని దీవుల దగ్గర ఆగుతూ పోతుంది కాబట్టి ఒకటిన్నర రోజో రెండు రోజులో పడుతుంది. హెలికాప్టరులో సీట్లు కొద్ది, వాతావరణం బాగాలేకపోతే అది ఎగరదు. మీ పిల్లల డాక్టరుకు ఈ సంగతులన్నీ చెప్పి, "ఇలాంటి చోట వీడిని పెంచవచ్చా" అని సూటిగా అడగండి. ఆయన వద్దంటే కథ అక్కడితో ముగిసింది, ఇక వేరే వాదన అక్కరలేదు. సరేనంటే ఇన్హేలరు, స్పేసరు, నెబ్యులైజరు, ఆరు నెలల మందులు వెంట ఉండాలి. అక్కడి కరెంటు డీజిల్ జనరేటర్ల మీద నడుస్తుంది కాబట్టి కరెంటు లేనప్పుడు బ్యాటరీతో పనిచేసే నెబ్యులైజరు అడగండి.

ఇంకొక మాట, ఇది మీ వారికి. స్కాట్లండుకు పడమట సెయింట్ కిల్డా అనే దీవిలో పుట్టిన పిల్లలు చాలామంది వారం పది రోజుల్లోనే ధనుర్వాతంతో చనిపోయేవారు. 1889లో అక్కడికి వెళ్ళిన ఏంగస్ ఫిడ్స్ అనే పాస్టరు ఆ చావులను దేవుని చిత్తమని వదిలిపెట్టలేదు. గ్లాస్గోకు వెళ్ళి పురుటి వేళ పాటించవలసిన శుభ్రతను నేర్చుకొని వచ్చి, దానిని అక్కడ అమలు చేయించాడు, పిల్లల చావులు ఆగిపోయాయి. దూరపు దీవికి వెళ్ళే పాస్టరు బైబిలుతో పాటు ప్రథమ చికిత్స కూడా నేర్చుకొని వెళ్ళాలి. తన కొడుక్కు రాత్రి రెండు గంటలకు ఆయాసం వస్తే ఏం చేయాలో తండ్రికి తెలిసి ఉండాలి, తల్లి ఒక్కతే కూర్చొని వీపు నిమరడం కాదు.

అత్తమ్మను తీసుకుపోవద్దు. షుగరు ఉన్న 71 ఏళ్ళ మనిషిని రెండు ఓడలెక్కించి, తెలిసిన ముఖం, తెలిసిన మాట లేని చోట కూర్చోబెట్టడం ఆమెకు శిక్ష. అయితే నల్లగొండలో మరిదితో మాట్లాడవలసింది మీ వారు, మీరు కాదు. కోడలు అడిగితే అత్తను వదిలించుకుంటోందన్న మాట పుడుతుంది, అది మన ఇళ్ళల్లో తరాలు నిలిచే మాట. నెలకు ఎంత పంపుతారో, డాక్టరు దగ్గరకు ఎవరు తీసుకుపోతారో అన్నదమ్ములిద్దరూ మీ తోడికోడలి ముందే తేల్చుకోవాలి, ఎందుకంటే చేయవలసిన చాకిరి ఆమెదే.

డబ్బు సంగతి త్వరగా చెప్తాను. మీ పద్నాలుగు వేలు పోతాయి, ఓడ మీద వచ్చే కూరగాయల ధర పెరుగుతుంది, రెండు చోట్ల కాపురం నడవాలి. మూడేళ్ళ గడువు, ఏడాదికి ఒకసారి ఇంటికి వచ్చే సెలవు, రానుపోను ఖర్చు, వైద్యం, తిరిగి వచ్చాక ఇక్కడ సంఘం ఇస్తామన్న మాట, ఇవన్నీ ఉత్తరం మీద సంతకంతో ఉండాలి. మా నాన్నగారిని ఆ ఊరికి పంపిన పెద్దలు రెండేళ్ళన్నారు, ఆరేళ్ళు ఉంచారు. నోటి మాట కాబట్టి అడిగే దారి లేకపోయింది. మీరు టీచరు కాబట్టి అక్కడ సండే స్కూలు, స్త్రీల సమాజం, పిల్లల ట్యూషన్లు అన్నీ మీ మీద పడతాయి. చేయండి, మీకు అది ఇష్టమేనని మీ ఉత్తరం చదివితే తెలుస్తోంది. అయితే ఒక జీతానికి ఇద్దరిని పంపుతున్నామని కమిటీ వారికి తెలియాలి. మీ పనికి కూడా కొంత గౌరవ వేతనం అడగడంలో తప్పు లేదు.

ఇంత జాగ్రత్త చెప్పి, వెళ్ళవద్దని మాత్రం నేను అనను. 1890లలో వేదప్పన్ సోలమన్ అనే తమిళ సేవకుడు అదే దీవుల్లో ఒకటైన కార్ నికోబార్‌లోని ముస్ అనే ఊళ్ళో బడి పెట్టాడు. ఆ బడిలో చదువుకున్న జాన్ రిచర్డ్‌సన్ అనే నికోబారీ పిల్లవాడు పెరిగి పెద్దవాడై, కొత్త నిబంధనను తన భాషలోకి తెచ్చాడు, 1950లో బిషప్పు అయ్యాడు, 1952లో అండమాన్ నికోబార్ దీవుల తరఫున లోక్‌సభలో కూర్చున్న తొలి సభ్యుడయ్యాడు. బయటి నుంచి వచ్చిన ఒక టీచరు వల్ల ఒక దీవి బతుకు ఎంత మారుతుందో నాకు బాగా తెలుసు కాబట్టే, మీలాంటి టీచరు ఏడుస్తూ కాకుండా మనసొప్పి వెళ్ళాలని ఇంత రాస్తున్నాను.

మీరు వెళ్ళబోయే సంఘానికి ఒక గాయం ఉందని కూడా తెలుసుకోండి. 2004 డిసెంబరు 26 ఆదివారం, క్రిస్మస్ మరునాటి పొద్దున సునామీ వచ్చింది. గ్రేట్ నికోబార్‌లో నేల కుంగింది, దక్షిణపు కొనన ఇందిరా పాయింట్ దీపస్తంభం అడుగు సముద్రంలోకి పోయింది. మనకు క్రిస్మస్ అంటే నక్షత్రం, కొత్త బట్టలు, ప్రేమ విందు. అక్కడివారికి పండుగ మరునాడు చనిపోయినవారి దినం. ఆ రోజు మీ ఇంటికి వచ్చేవారికి మాటల కన్నా పక్కన కూర్చునే మనిషి కావాలి. ఇప్పుడేమో ఓడరేవు, విమానాశ్రయం, పట్టణం కలిపి అక్కడ ఒక భారీ ప్రాజెక్టు తలపెట్టారు, దాని మీద వాదాలున్నాయి. సంఘంలోనూ రెండు మాటలు ఉండవచ్చు. వెళ్ళిన మొదటి ఏడాది మీరిద్దరూ వినండి, ఏ పక్కా మాట్లాడకండి.

నా సలహా ఇది. జూన్‌లో కుటుంబం కదలకూడదు. మీ వారికి ఆత్రంగా ఉంటే ఆయన ఒక్కరే వెళ్ళి మూడు నెలలు ఉండి, ఇల్లు, బడి, ఆసుపత్రి, సంఘం కళ్ళారా చూసి రావాలి. అది కూడా మీరు సమ్మతిస్తేనే. బిడ్డ ఇంటర్‌లో కుదురుకొని, అత్తమ్మ నల్లగొండలో స్థిరపడి, డాక్టరు సరేనని, కమిటీ వారి ఉత్తరం చేతికొచ్చాక, సముద్రం నెమ్మదిగా ఉండే ఫిబ్రవరి, మార్చి నెలల్లో మీరూ కొడుకూ వెళ్ళవచ్చు. ఇవన్నీ కుదిరినా మీ మనసు ఒప్పుకోకపోతే, ఒప్పుకోలేదనే చెప్పండి. అప్పుడు ఆయన కమిటీ వారికి "మా ఇంట్లో కుదరలేదు" అని చెప్పాలి గానీ "మా ఆవిడ ఒప్పుకోలేదు" అని చెప్పకూడదు. ఈ రెండు మాటలకూ ఎంత తేడా ఉందో, పద్నాలుగేళ్ళు పాస్టరమ్మగా ఉన్న మీకు నేను విడమరచి చెప్పనక్కరలేదు.

వెళ్ళడమే ఖాయమైతే కందిపప్పు, చింతపండు, ఎండుమిరపకాయలు ఓడ సరుకుతో పంపించుకోండి, కొబ్బరికి, చేపకు అక్కడ కొదవ ఉండదు. బయలుదేరే ముందు మిర్యాలగూడ బజారులో పడకగది తలుపుకు లోపలి నుంచి వేసుకునే మంచి గడియ ఒకటి కొనండి. ఇనుపది ఉప్పుగాలికి ఏడాదిలో తుప్పు పడుతుంది, ఇత్తడిదే అడగండి. దిగిన రోజే మీ వారి చేత బిగించుకోండి.